నేల నుంచి కొలత

“అమ్మా! ఈ మామయ్యకు మెడ లేదు! మరి కాలరు ఎక్కడ కుడతాం?”

రొట్టెల దుకాణంలో వరసలో నిలబడ్డ పదిమందీ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. రొట్టె కోస్తున్న కత్తి సగంలో ఆగిపోయింది. దుకాణం ఆయన, తలా భుజాలూ ఒకే ముద్దగా చేసి పెట్టినట్టుండే మనిషి. తన మెడ నిజంగానే ఎక్కడికైనా పోయిందేమోనన్నట్టు చెయ్యెత్తి తడుముకున్నాడు. పిల్ల తల్లికి తల కొట్టేసినట్టయింది! భూమి చీలి తనను మింగేస్తే బాగుండునని ఆమె కోరుకోవడం ఈ నెలలో అది నాలుగోసారి...

“ఏమీ అనుకోకండి బాబాయిగారూ... చిన్నపిల్ల... తెలియక...”

“అనుకునేదేముందమ్మా! మెడ ఉండేది. పాతికేళ్ళుగా కాల్చిన రొట్టె కాల్చినట్టు రుచి చూస్తుంటే, అది కాస్తా లోపలికెళ్ళి దాక్కుంది,” అన్నాడాయన. వరస వరసంతా ఘొల్లుమంది.

“అయితే మీకు కాలరు లేని చొక్కాయే!” అని తీర్పు చెప్పేసింది బొత్తాం.

బొత్తాం అంటే ఆమె కూతురు. నాలుగున్నరేళ్ళు. పుట్టినప్పుడు గుండ్రంగా, చిన్నగా, ఎక్కడ పెట్టినా దొర్లిపోయేట్టు ఉందని నాయనమ్మ ముద్దుగా పెట్టిన పేరే స్థిరపడిపోయింది. వీధి మలుపులో ఉన్న కుట్టుపని ఇల్లు వాళ్ళది. నాయనమ్మను ఊరంతా టైలరమ్మ అంటుంది. టైలరమ్మ కోడలు గనుక ఈమె అందరికీ ‘కోడలు’. అక్కడ అడుగుపెట్టి ఎనిమిదేళ్ళయినా, ఆ పిలుపు విన్నప్పుడల్లా నిన్ననే వచ్చినట్టు ఉలిక్కిపడుతూనే ఉంటుంది.

రొట్టె చంకలో పెట్టుకుని, పిల్లను రెక్క పట్టుకుని, దాదాపు పరుగులాంటి నడకతో బయటపడింది కోడలు.

“ఎన్నిసార్లు చెప్పానే నీకు! మనుషుల ఒంటి గురించి బయట మాట్లాడకూడదని!”

“నాయనమ్మ మాట్లాడుతుందిగా?”

“అది షాపులో. షాపులో చెప్పొచ్చు. బయట చెప్పకూడదు.”

బొత్తాం ఆగింది. తలెత్తి తల్లిని ఎంతో జాలిగా చూసింది. “ఎందుకు? బయటికొస్తే వంకర భుజం సరైపోతుందా?”

 తల్లి రొట్టెను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

పిల్లదాని తప్పు మాత్రం ఏముంది! ఆ ఇంట్లో పని జరిగే తీరే అంత. ముందుగది షాపు. మధ్యలో పెద్ద కత్తిరింపు బల్ల. ఒక మూల ఆకుపచ్చ తెర, దాని వెనక బట్టలు వేసుకుని చూసుకునే చోటు. కొలతలకు ఎవరు వచ్చినా టైలరమ్మ టేపు పట్టి గట్టిగా చెబుతుంది, కొడుకు కొలతల పుస్తకంలో రాస్తాడు. “ఎడమ భుజం దిగుడు, అరంగుళం! వీపు గుండ్రం, వెనక ముప్పావు వదులు! పొట్ట ముందుకు, రెండు!” ఆ ఇంట్లో అవి తిట్లు కావు. మిషను చప్పుడులాంటివే. నిలబడ్డవాళ్ళూ తల ఊపుతారు, “అవునమ్మా, ఈ యేడు ముందుకొచ్చింది,” అని నవ్వుతారు. కుట్టిన బట్ట ఒంటికి అతికినట్టు కూర్చుంటే మురిసిపోయి వెళతారు. పాకే వయసునుంచీ ఆ కత్తిరింపు బల్ల కిందే పెరిగింది బొత్తాం. లోకంలో ప్రతి మనిషికీ ఏదో ఒకటి ఎక్కువో తక్కువో ఉంటుందనీ, అది గట్టిగా చెబితే బట్ట చక్కగా కుదురుతుందనీ... అంతే దానికి తెలిసింది!

బడిలో టీచరమ్మకు “మీ వీపు గుండ్రం, వెనక ముప్పావు వదులు,” అని చెప్పి వచ్చింది. ఉత్తరాలు పంచే ఆమెను కిందినుంచి పైదాకా చూసి, “అబ్బో, మీకు మూడు మీటర్లయినా చాలవు!” అంది. ఆస్పత్రి వరసలో ఒక తాతగారి ముందు నిలబడి, “తాతా, నీ ఒక చెవి కిందికుంది, అందుకే కళ్ళజోడు వంకర!” అంటే, ఆయన ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుని, “నలభై ఏళ్ళుగా కళ్ళజోళ్ళవాళ్ళను తిడుతున్నానమ్మా,” అని మర్నాడు వచ్చి మరీ చెప్పి వెళ్ళాడు. వీధంతా ఈ కథలు చెప్పుకుని కడుపుబ్బ నవ్వుకుంటుంది. నవ్వలేనిది ఒక్క తల్లే! ఆడపిల్ల నోరు జారితే ఆ మాట తల్లి పెంపకానికే తగులుతుందని తల్లులకు వేరే చెప్పాలా...

ఆ రోజు ఇల్లు చేరేసరికి మిషను ఆగి ఉంది. టైలరమ్మ మిషను ఆగిందంటే ఏదో జరిగిందన్నమాటే. 

అత్తగారు స్టూలు మీద కూర్చుని ఉంది. మూడు నెలల కిందట ఆ స్టూలు మీంచే జారిపడి ముంజేయి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పి రెండు వారాలే అయింది. ఆ సన్నబడ్డ చేతిలో ఒక ఉత్తరం ఉంది. భర్త కత్తెర చేత్తో పట్టుకుని, దేన్నీ కత్తిరించకుండా నిలబడి ఉన్నాడు.

“అక్క రాసింది,” అన్నాడు మెల్లగా.

రెండే రెండు వాక్యాలు. ‘అమ్మ చెయ్యి సంగతి తెలిసింది. ఆదివారం వచ్చి చూసి, సాయంత్రం ఐదు గంటల బస్సుకు వెళ్ళిపోతాను.’

కోడలు గోడకు ఆనుకుంది. ఎనిమిదేళ్ళు... ఏడాదికొక ఉత్తరం చొప్పున భయపడుతూ భయపడుతూ తాను రాసిన ఎనిమిది ఉత్తరాలకు ఇది మొదటి జవాబు!

ఇదంతా మొదలైంది కోడలి పెళ్ళి రోజున. భర్తకు ఒక్క అక్క. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఆమె కుడి కాలు సరిగా ఎదగలేదు. నడిస్తే ఒక పక్కకు ఒరుగుతుంది. ఊరందరి వంకరలూ గొంతెత్తి చెప్పే టైలరమ్మ, కూతురి కాలి మాట మాత్రం ఏనాడూ నోట రానివ్వలేదు. కొలతల పుస్తకంలో ఆ పిల్లకు పేజీయే లేదు! పాదాలు కనపడకుండా నేల దాకా గౌన్లు కుట్టేది. ఎవరొచ్చినా, “కూర్చో, లేవకు,” అనేది. తమ్ముడి పెళ్ళి రోజున, “కొత్త చుట్టాలు వెళ్ళేదాకా ఆ తెర వెనకే కూర్చో తల్లీ. నడవకు,” అంది. పాతికేళ్ళ ఆ పిల్ల కొత్త గౌను వేసుకుని, ఆకుపచ్చ తెర వెనక మధ్యాహ్నమంతా కూర్చుంది. ఇవతల నవ్వులు, ఫొటోలు... సాయంత్రం తెర తీస్తే కుర్చీ ఖాళీ!

ఆ ఫొటో ఇప్పటికీ గోడ మీదుంది. అందులో అందరూ ఉన్నారు. దాన్ని తుడిచినప్పుడల్లా కోడలికి ఒకటే మాట గుండెలో గుచ్చుకునేది: నేను ఈ గుమ్మంలోకి వచ్చిన రోజే ఆమె ఈ గుమ్మం దాటింది! ఆమె బస్సెక్కుతుంటే ఎవరైనా చెయ్యి ఊపారా? కిటికీలోంచి ఒక్కసారైనా వెనక్కి చూసిందా? అన్నం తింటున్నా, బొత్తాలు కుడుతున్నా ఆ చూడని బస్సు ఆమె కళ్ళ ముందు కదిలిపోతూనే ఉండేది. ఒకసారి భర్త ఆ ఊరు వెళ్ళి అక్కను కలిశాడు. గడియారాల దుకాణంలో రిపేర్లు చేస్తోందట. “టీ ఇచ్చింది. కుశలం అడిగింది. బస్సుకు టైమైందని లేపింది,” అని మాత్రం చెప్పాడు తిరిగొచ్చి.

“అమ్మాయ్,” అంది అత్తగారు. ఆమె చూపు కోడలి మీద లేదు, కత్తిరింపు బల్ల కింద రొట్టె ముక్క నములుతున్న బొత్తాం మీదుంది. “ఇది ఆ రోజు ఇంట్లో ఉండడానికి వీల్లేదు.”

“అత్తయ్యా!”

“ఎనిమిదేళ్ళకు నా బిడ్డ గుమ్మం తొక్కుతోంది. ఇది చూసీ చూడగానే ఏమంటుందో నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ మాట దాని చెవిన పడిందంటే... మళ్ళీ ఈ జన్మలో రాదే తల్లీ! నేనెన్నాళ్ళుంటాను!”

అంత గట్టి మనిషి చెంగుతో కళ్ళొత్తుకుంటుంటే కోడలు, “ఈలోగా దానికి నేర్పి చూస్తానత్తయ్యా,” అంది.

ఆదివారానికి ఇంకా ఆరు రోజులు. ఆ రోజు నుంచే బొత్తాంకు పాఠాలు! పొద్దున లేస్తూనే, పళ్ళు తోముతూ, జడ వేస్తూ అదే పాట. “కాళ్ళ గురించి?” “మాట్లాడను.” “నడక గురించి?” “మాట్లాడను.” “మరేం మాట్లాడతావు?” “బాగున్నావా అత్తా అంటాను.” “మా బంగారమే!” గురువారం పరీక్షగా బస్సులో తీసుకెళ్ళింది. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని బొమ్మలా కూర్చుంది. ఎంత బుద్ధిమంతురాలైపోయిందో అని తల్లి గుండె నిండిపోయింది. దిగబోయే ముందు బొత్తాం చేతులు తీసి, బస్సంతటికీ వినపడేంత గుసగుసగా, “అమ్మా! ఆ అత్తకు మీసాలున్నాయని నేను అస్సలు అనలేదు, చూశావా!” అంది.

బస్సు దిగి కోడలు అలాగే రోడ్డు పక్కన రాయి మీద కూలబడింది...

దానితో పాఠాలు ముగిశాయి. పక్కింటి ఇస్త్రీ అవ్వ దగ్గర వదులుదామంటే, ఆదివారం ఆమె కూతురి ఊరు వెళుతోంది. చివరికి అత్తగారే అంది: “ఆ తెర వెనక కూర్చోబెట్టు. బొత్తాల డబ్బా ఇచ్చెయ్. రంగులు వేరుచేసుకుంటూ కూర్చుంటుంది.”

కోడలికి ఒక్క క్షణం ఏదో తట్టినట్టయింది. ఆ తెర వంక చూసింది. కానీ పొయ్యి మీద పాలు పొంగాయి... అటు పరుగెత్తింది.

ఆదివారం పది గంటలకు గుమ్మం ముందు అడుగుల చప్పుడు. ఒకటి బరువుగా, ఒకటి తేలికగా. ఆ చప్పుడు విని అత్తగారి చేతిలో దారపుండ జారి గదంతా దొర్లింది.

వదిన లోపలికొచ్చింది. సన్నని మనిషి. గడియారాలవాళ్ళు కంటికి బిగించుకునే అద్దం తాలూకు గీత కుడి కంటి చుట్టూ గుండ్రంగా పడి ఉంది. చేతిసంచీ లోపలికి తీసుకురాలేదు, గుమ్మం పక్కనే ఆనించి పెట్టింది. వేసుకున్న గౌను చూసి తమ్ముడు గబుక్కున తల దించుకున్నాడు. నీలం గౌను, నేల దాకా. ఆ రోజు తెర వెనక కూర్చున్నప్పటి గౌనే! వేసుకుని వెళ్ళిన గౌనుతోనే తిరిగొచ్చింది...

“చెయ్యెలా ఉంది?”

“తగ్గింది. నువ్వు చిక్కిపోయావు.”

“పని.”

“కూర్చో.”

“ఆ మాట మర్చిపోలేదన్నమాట,” అంది వదిన చిన్నగా నవ్వి. “కూర్చుని కూర్చుని, చివరికి కూర్చుని చేసే పనే నేర్చుకున్నాలే అమ్మా.”

 కోడలు గబగబా టీ తెచ్చింది, బిస్కెట్లు తెచ్చింది, అవసరం లేకపోయినా మంచినీళ్ళు తెచ్చింది. “దారిలో ఇబ్బంది కాలేదు కదా వదినా?” “లేదు.” “ఎండ ఎక్కువుందా?” “లేదు.” గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. “అది నాలుగు నిమిషాలు వెనకబడింది,” అంది వదిన. అంత పెద్ద ఇంట్లో ఆ మనిషికి మాట్లాడుకోవడానికి దొరికింది ఆ గడియారమొక్కటే! కోడలికి కన్నీళ్ళు ఆగడం లేదు. ఇంతేనా? ఎనిమిదేళ్ళు ఎదురుచూసింది ఇందుకేనా? ఐదు గంటలకు ఆ సంచీ తీసుకుని వెళ్ళిపోతుందా...

అంతలో తెర వెనక బొత్తాల డబ్బా ధడేలున కిందపడింది. రంగురంగుల బొత్తాలు తెర కిందినుంచి గదిలోకి దొర్లుకొచ్చాయి. ఒకటి తిన్నగా వచ్చి వదిన పాదం దగ్గర ఆగింది.

“ఎవరక్కడ?”

“ఎవరూ లేరు,” అంది అత్తగారు.

“నేను లేను!” అంది తెర.

భర్త దగ్గాడు. వదిన తెర కిందికి చూసింది. రెండు చిన్న పాదాలు ఒకదాని మీదొకటి ఎక్కి దాక్కోవాలని చూస్తున్నాయి. ఆమె టీ కప్పు బల్ల మీద పెట్టింది. 

“పాపా అది? మీ పాపేనా?” అంది వదిన. “ఆ తెర వెనక... ఎందుకు కూర్చోబెట్టారు? ఆ పిల్లకేం తక్కువైంది?”

కోడలు గిరుక్కున తెర వైపు తిరిగింది. మొన్న పాలు పొంగినప్పుడు సగంలో వదిలేసిన ఆలోచన ఇప్పుడు ఒక్కసారిగా ఎదురొచ్చి నిలబడింది. అదే తెర! అదే కుర్చీ! చుట్టాలొచ్చిన రోజున ఒక ఆడపిల్లను ఇంటి పరువు కోసం దాని వెనక దాచడం! ఎనిమిదేళ్ళుగా ఏ పాపానికి కుమిలిపోతోందో, అదే పాపం తన చేతులతో తన కన్నబిడ్డకు చేసింది...

“ఏం తక్కువ కాలేదు వదినా!” ఆమె భోరుమంది. “ఎక్కువే అయింది! దాని నోరు ఎక్కువ! కంట్లో పడింది పడ్డట్టు అనేస్తుంది. మీరు నొచ్చుకుని మళ్ళీ వెళ్ళిపోతారేమోనని... మేమంతా భయపడి... నేనే కూర్చోబెట్టాను వదినా, నన్ను క్షమించండి!”

వదిన లేచింది. ఒరుగుతూ, ఆ ఒరగడాన్ని దాచుకోకుండా, నడిచి వెళ్ళి తెర లాగేసింది.

మెడలో టేపు వేసుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది బొత్తాం. బుగ్గలు పూరీల్లా పొంగాయి. కళ్ళు మాత్రం వదిన గౌను అంచు మీదనుంచి కదలడం లేదు. ఇటు చూసి, అటు చూసి, మళ్ళీ అక్కడే!

“చెయ్యి తియ్యి. ఏం చెప్పాలనుందో చెప్పు,” అంది వదిన.

పిల్ల తల అడ్డంగా ఊపింది. తల్లి వైపు చూసింది.

“వద్దు అమ్మాయ్, వద్దు!” అంది అత్తగారు.

ఒక పక్క అత్తగారి కన్నీళ్ళు, ఒక పక్క గుమ్మం దగ్గర సంచీ. మధ్యలో ఆ పిల్ల కళ్ళు... కోడలు చెంగుతో ముఖం తుడుచుకుంది. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళలో మొదటిసారి అత్తగారి మాట దాటింది.

“చెప్పమ్మా. చెప్పెయ్!”

అంతే, బుగ్గల్లో దాచుకున్నదంతా ఒక్క ఊపిరిలో బయటికొచ్చింది.

“అత్తా, నీ గౌను తప్పు కుట్టారు! నీ కుడి కాలు పొట్టి కదా? అటు పక్క ఎత్తి కత్తిరించాలి కదా? ఎత్తలేదు! అందుకే నేల మీద ఈడుస్తోంది, చూడు, అంచంతా చిరిగింది! ఎవరో పని రానివాళ్ళు కుట్టారు. మా నాయనమ్మ చూసిందంటే తిడుతుంది!”



వదిన కిందికి చూసుకుంది. కుడి పక్క అంచు నిజంగానే చిరిగి, దుమ్ము పట్టి ఉంది. ఏడుస్తుందనుకున్నారు అందరూ. కానీ లోపల ఎక్కడో స్ప్రింగు ఊడిన గడియారంలా, ముందు చిన్నగా, తర్వాత ఆగకుండా, నవ్వు మొదలైంది. గోడ పట్టుకుని నవ్వింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే నవ్వింది.

“గౌను తప్పటమ్మా! విన్నావా? ముప్పైరెండేళ్ళుగా నా కాలు తప్పనుకున్నాను... గౌనట తప్పు!”

“మరీ!” అంది బొత్తాం. “కాలెందుకు తప్పవుతుంది? అది ఎంతుంటే అంతే కదా!”

ఆ మాటకు అత్తగారు స్టూలు మీంచి లేచింది. బల్ల మీద సుద్దముక్క తీసుకుంది. చెక్క స్కేలు తీసుకుంది. కూతురి దగ్గరకొచ్చి, మోకాళ్ళ మీద నేలకు వంగింది! రెండేళ్ళయింది ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని. ఆ పనంతా ఇప్పుడు కోడలే చేస్తోంది.

“అత్తయ్యా, మీ మోకాళ్ళు! నేను కొలుస్తాను...”

“వద్దమ్మాయ్. ఇది నేను కొలవాల్సిందే.” తలెత్తకుండానే అంది. “అంచు ఎప్పుడూ నేల నుంచి కొలవాలని ఊరందరికీ నేర్పాను. ఎవరి నడుమూ సమంగా ఉండదని నేనే చెబుతాను. దీనికి మాత్రం నడుము నుంచి కొలిచి, రెండు పక్కలా సమంగా కత్తిరించేదాన్ని. అలా కత్తిరిస్తే కాళ్ళు కూడా సమమైపోతాయన్నట్టు!”

“అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు?” అన్నాడు కొడుకు.

“చెప్పనీరా! నీ అక్క నన్ను చూసి ఏమనుకుందో తెలుసా? తన కాలు చూసి నేను సిగ్గుపడ్డాననుకుంది. కాదే తల్లీ! నీకు జ్వరం కాసినప్పుడు నా దగ్గర పన్నెండు కోట్లు కుట్టివ్వాల్సిన పని ఉంది. ఇవాళ తగ్గుతుంది, రేపు తగ్గుతుంది అని రెండు రోజులు మిషను దిగలేదు. మూడో రోజు ఆస్పత్రికి తీసుకెళితే, ముందే రావాల్సిందమ్మా అన్నారు... నువ్వు నడిచినప్పుడల్లా నా తప్పు నలుగురి ముందూ నడిచినట్టుండేదే! అందుకు దాచాను. నిన్ను కాదు... నన్ను నేను దాచుకున్నాను!”

వదిన నవ్వు ఆగిపోయింది. వంగి తల్లి నెరిసిన తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. గడియారాలు బాగుచేసే చెయ్యి, గడియారం సంగతే మర్చిపోయినట్టు!

“ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా...”

“గొంతులో నుంచి రాలేదే. ఊరందరివీ వచ్చాయి. నీది రాలేదు.”

“మరిప్పుడు చెప్పు,” అంది వదిన నిటారుగా నిలబడబోతూ.

“అలా బిగుసుకోకు. నువ్వెలా నిలబడతావో అలాగే నిలబడు,” అంది టైలరమ్మ ముక్కు ఎగబీల్చి. ఆ గొంతులో పాత టైలరమ్మ కొద్దిగా తిరిగొచ్చింది. స్కేలు నేలకు ఆనించింది. గౌను చుట్టూ మోకాళ్ళ మీదే జరుగుతూ సుద్దతో గీతలు పెట్టింది. బొత్తాం కూడా బోర్లా పడుకుని, బుగ్గ నేలకు ఆనించి, గీత సరిగా వస్తోందో లేదో కాపలా కాసింది. “పుస్తకం తియ్యరా. కొత్త పేజీ. కుడి కాలు...” సుద్ద వేళ్ళు చెంగుకు తుడుచుకుంది. “కుడి కాలు తక్కువ... ఒకటింబావు ఉంటుంది.”

“ఊహించి చెప్పకూడదు నాయనమ్మా! కొలవాలి!”

“నోర్ముయ్యవే దొంగా!” అంటూనే మళ్ళీ కొలిచింది. “ఒకటిన్నర! రాశావా? కుడి కాలు తక్కువ, ఒకటిన్నర అంగుళం!” ఇల్లు దద్దరిల్లేట్టు అంది. ముప్పైరెండేళ్ళ మాట మరి! రాస్తున్న కొడుకు కన్నీటి బొట్టు పేజీ మీద పడి అంకె అలుక్కుపోయింది. పక్కన మళ్ళీ రాశాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బొత్తాం, గౌను కత్తిరింపుకు విప్పిచ్చి కోడలి చీర కట్టుకున్న మేనత్త ఒడిలోనే కూర్చుని, ఆమె కంటి చుట్టూ ఉన్న గీతను వేలితో చుట్టి చుట్టి చూసింది. “ఇది టేపుతో కొలవలేం,” అని తేల్చింది. ఈసారి కోడలు గట్టిగా నవ్వింది. ఆ నవ్వు విని ఆమెకే ఆశ్చర్యమేసింది.

గడియారం నాలుగున్నర చూపించింది. వదిన అలవాటుగా నాలుగు నిమిషాలు కలుపుకుని గుమ్మం వైపు చూసింది. కోడలు ఆ చూపు పసిగట్టింది. మళ్ళీ ఆ బస్సు... మళ్ళీ ఆ గుమ్మం...

“అంచు ఇంకా కుట్టలేదు,” అంది అత్తగారు, ఎవరి ముఖమూ చూడకుండా. “కత్తిరించిన బట్ట ఒక రాత్రి వేలాడదీయాలి. అప్పటిదాకా అది సాగుతూనే ఉంటుంది, అంచు కుట్టకూడదు. ఎవరినడిగినా చెబుతారు.”

“కొత్త బట్టకు కదమ్మా అది! ఇది ఎనిమిదేళ్ళు వేలాడిన బట్ట!”

“వేలాడితే వేలాడింది...” ముసలామె గొంతు పూర్తిగా కరిగిపోయింది. “ఇంకొక్క రాత్రి వేలాడనీవే, నా తల్లీ!”

 ఈలోగా బొత్తాం గుమ్మం దగ్గరకెళ్ళింది. తనకు మించిన బరువైన సంచీని రెండు చేతులా పట్టుకుని, రొప్పుతూ ఈడ్చుకుంటూ లోపలికి తెచ్చి, ఆకుపచ్చ తెర వెనక కుర్చీలో కూలేసింది. తెర వేసింది.

“ఎవరూ లేరు!” అని అరిచింది.

ఐదు గంటల బస్సు వీధి చివర హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఆ హారన్ వింటూ కూడా కోడలి గుండె నిమ్మళంగా ఉండడం ఎనిమిదేళ్ళలో అదే మొదలు.

మర్నాడు ఉదయం అందరూ బస్టాపుకు వచ్చారు, మోకాళ్ళు పట్టుకుపోయిన అత్తగారితో సహా. “వచ్చే ఆదివారం వస్తాను. ఆ గోడ గడియారం సరిచేయాలి,” అంది వదిన. వెళ్ళిపోవడమంటే అంత చల్లగా కూడా ఉంటుందా అనుకుంది కోడలు. తిరిగొచ్చే రోజు చెప్పి వెళ్ళేవాళ్ళను సాగనంపితే ఇలాగే ఉంటుంది కాబోలు!

నీలం గౌను అంచు నేలకు సరిగ్గా రెండంగుళాల పైన, చుట్టూ ఒకే గీతలా నిలిచింది. ఆమె ఒరుగుతూ నడిచి వెళ్ళి బస్సు మెట్టెక్కింది. గౌను ఎక్కడా ఈడ్వలేదు, కాలికి అడ్డం పడలేదు. అప్పుడు, బస్టాపులో ఇరవై మంది చూస్తుండగా, బొత్తాం తల్లి చంకనుంచి గొంతు చించుకుంది:

“చూడండి! మా అత్త కుడి కాలు పొట్టి! అయినా గౌను ఎంత సమంగా ఉందో! మా నాయనమ్మే కుట్టింది!”

ఇరవై తలలూ తిరిగాయి. కోడలు ఒక్కసారి కళ్ళు మూసుకుంది, భూమి ఎక్కడైనా చీలుతుందేమోనని అలవాటుకొద్దీ... తర్వాత తెరిచింది.

“ఎంత పొట్టో చెప్పు మరి!” అంది.

బస్సు కిటికీలోంచి వదిన తల బయటపెట్టింది. వెనక్కి చూసింది. చెయ్యి ఊపుతూ, నవ్వుతూ, వీధి వీధంతటికీ వినపడేట్టు అరిచింది:

“ఒకటిన్నర!”